కాచి చల్లార్చినా పోనిది

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ రద్దీ దాటి సరూర్‌నగర్ వైపు మళ్లితే చెరువు కంటే ముందు చెరువు వాసన ఎదురొస్తుంది. ఎండలు ముదిరే కొద్దీ మురుగు కలిసే చెరువుల రంగు మారుతుంది. ఒక మూల గుర్రపు డెక్క పరుచుకుంటుంది. గాలి నీటిని నెట్టిన వైపు ఒడ్డు వెంట ఇంకొకటి కనిపిస్తుంది. పెయింటు డబ్బా ఒంపినట్టు చిక్కటి ఆకుపచ్చ తెట్టు, దాని అంచున అక్కడక్కడా నీలం చార. పొద్దున్నే నడకకు వచ్చినవాళ్లు ముక్కు మూసుకుని, నాచు పట్టింది అనుకుంటూ వెళ్లిపోతారు.

గుర్రపు డెక్కను యంత్రాలతో లాగి పారేయవచ్చు. దోమలను పెంచుతుంది కాబట్టి దాని మీద అందరికీ కోపమే. ఆ తెట్టు గురించి అడిగేవాళ్లే తక్కువ. అందులో ఉండేవి చాలాసార్లు సయానోబ్యాక్టీరియా. పేరుకు నీలి ఆకుపచ్చ నాచు అంటారు గానీ, జాతికి అవి బ్యాక్టీరియా. వాటిలో కొన్ని రకాలు కాలేయాన్ని, కొన్ని నరాలను దెబ్బతీసే విషాలను తయారుచేస్తాయి.

అయితే వీటిని పుట్టు శత్రువులుగా చూడటం అన్యాయం. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట భూమి గాలిలో ఆక్సిజన్ నిండటం మొదలైంది వీటి చలవతోనే. వరి పండించే రైతుకు ఇవి పాత చుట్టాలు. గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు అందిస్తాయని నీలి ఆకుపచ్చ నాచును మడిలో చల్లుతారు. అజొల్లా ఆకుల్లో కాపురముండి ఆ పనే చేసేది అనబీనా అనే సయానోబ్యాక్టీరియా. మందుల షాపులో బలానికని అమ్మే స్పిరులినా బిళ్లలు కూడా ఈ కుటుంబానివే. పొలంలో మేలు చేసే ఈ జీవులు తాగునీటి జలాశయంలో ఎప్పుడు, ఎందుకు అదుపు తప్పుతాయన్నదే తెలుసుకోవలసిన విషయం.

వాటికి కావలసినవి నాలుగు. వెచ్చటి నీళ్లు, కదలని నీళ్లు, మంచి ఎండ, తిండి. మొదటి మూడూ హైదరాబాద్ వేసవి ఉచితంగా ఇస్తుంది. నాలుగోది మనం ఇస్తాం. వాటికి అన్నిటికన్నా ముఖ్యమైన తిండి భాస్వరం. మలమూత్రాల్లో, బట్టల సబ్బుల్లో, ఎరువుల్లో ఉండేది అదే. మీర్‌పేట వైపు చెరువుల నుంచి బైరామల్‌గూడ మీదుగా దిగే నీళ్లు సరూర్‌నగర్‌కు చేరతాయి. ఒకప్పుడు ఆ దారిలో వాన నీళ్లే పారేవి. కాలనీలు వచ్చాక నాలాల్లో మురుగు పారింది. నత్రజని కొంతైనా గాలిలో కలిసిపోతుంది. భాస్వరానికి ఆ దారి లేదు. చెరువు అడుగున బురదలో దిగి కూర్చుంటుంది. వేసవిలో అడుగు నీటిలో ప్రాణవాయువు అయిపోయినప్పుడు మళ్లీ కరిగి పైకొస్తుంది. అందుకే ఈ రోజు మురుగును పూర్తిగా ఆపేసినా రేపటికే చెరువు తేటపడదు. పాత బాకీ ఏళ్ల తరబడి వసూలవుతూనే ఉంటుంది.

ఈ జీవుల్లో చాలావాటికి ఇంకో నేర్పు ఉంది. కణం లోపల గాలి తిత్తులుంటాయి. వాటి సాయంతో వెలుతురు కోసం పైకి తేలతాయి, బరువెక్కితే కిందికి దిగుతాయి. గాలి లేని రాత్రి గడిచాక తెల్లవారేసరికి ఊరంతా ఒక్కచోట చేరినట్టు పైపొరలో గుమిగూడతాయి. నిన్న మామూలుగా కనిపించిన నీళ్లు ఇవాళ తెట్టు కట్టడానికి కారణం ఇదే. రాత్రికి రాత్రే అన్ని కోట్లు పుట్టాయని కాదు, ఉన్నవన్నీ పైకి తేలాయి.

సరూర్‌నగర్ చెరువును 1626లో తవ్వించారు. తొంభై తొమ్మిది ఎకరాల నీటి పరపు. కింద పొలాలు పండేవి. హైదరాబాద్‌లో ఇలాంటి కథ దీనిదొక్కదానిదే కాదు. 1562 నాటి హుస్సేన్ సాగర్ 1930 దాకా నగరానికి తాగునీరు ఇచ్చింది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కమానుల ఆనకట్టతో కట్టిన మీర్ ఆలం చెరువు కూడా అంతే. 1908 మూసీ వరద తర్వాత 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాక పాత చెరువులు తాగునీటి బాధ్యత నుంచి తప్పుకున్నాయి. బాధ్యత తప్పడంతో కాపలా కూడా తప్పింది. సరూర్‌నగర్ చెరువును 2003–04లో అప్పటి నగరాభివృద్ధి సంస్థ హుడా బాగుచేసింది. వలస పక్షులు మళ్లీ వచ్చాయి. నాలాలు మాత్రం ఆగలేదు.

నగరపు చెరువుల్లో నాచు మీద శాస్త్రీయమైన పని కొత్తదేమీ కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎ.ఆర్. జాఫర్ హైదరాబాద్ చేపల చెరువుల్లోని నాచు మీద చేసిన పరిశోధన 1964 నుంచి అంతర్జాతీయ పత్రికలో వరుసగా అచ్చయింది. ఏ నెలలో ఏ జాతి పెరుగుతుంది, నీటిలో ఏది ఎక్కువైతే ఏది విజృంభిస్తుంది అన్నది నెలనెలా నీళ్లు తెచ్చి, సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టి రాశారు. 1970లో ఎం. మునావర్ మురుగు కలిసిన నీటినీ, కలవని నీటినీ పక్కపక్కన పెట్టి పోల్చారు. అంటే మన చెరువుల ఆరోగ్యం చదవడం ఈ నగరానికి అరవై ఏళ్ల కిందటే తెలుసు. ఆ విద్యను తరగతి గదిలోంచి నీటి సరఫరా కార్యాలయపు రోజువారీ పనిలోకి తేవలసిన అవసరం ఇప్పుడే ఎక్కువ.

సరూర్‌నగర్ చెరువు నీళ్లు ఇప్పుడెవరూ తాగడం లేదు కదా అనవచ్చు. నిజమే. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ ఇళ్లలో నల్లా తిప్పితే వచ్చేది ప్రధానంగా కృష్ణా నీరు. నాగార్జునసాగర్ వెనక జలాల్లో పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి జలాశయంలో నిలిపి, నల్లగొండ జిల్లా కోదండాపూర్‌లో శుద్ధి చేసి, వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో తోలుకొస్తారు. వనస్థలిపురం పక్కన సాహెబ్‌నగర్ రిజర్వాయర్‌కు చేరాక కాలనీలకు పంచుతారు. 2004లో మొదటి దశ, 2008లో రెండోది, 2015లో మూడోది వచ్చాయి. మూడూ కలిపి రోజుకు 27 కోట్ల గ్యాలన్లు, అంటే దాదాపు 123 కోట్ల లీటర్లు. చెరువు కళ్ల ముందు ఉంటే రంగు మారినప్పుడు చూసేవాళ్లు ఉంటారు. ఇప్పుడు మనం తాగే చెరువు మన కంటికి కనిపించనంత దూరంలో ఉంది.

ఒక విషయంలో అదృష్టం కలిసొచ్చింది. హైదరాబాద్ మురుగంతా మోసుకెళ్లే మూసీ, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ చోటు నాగార్జునసాగర్ ఆనకట్టకు దిగువన ఉంది. కాబట్టి మన మురుగు తిరిగి మన నల్లాకు రాదు. కింద పులిచింతల వైపు వెళుతుంది. అక్కడి ఊళ్లకు అది అదృష్టం కాదు. అలాగే పైనుంచి భీమా, తుంగభద్ర మోసుకొచ్చే ఊళ్ల మురుగూ పొలాల ఎరువులూ శ్రీశైలం మీదుగా సాగర్‌కే చేరతాయి. ప్రతి నగరమూ ఎవరో ఒకరికి దిగువనే ఉంటుంది.

సాగర్ లాంటి లోతైన జలాశయంలో తెట్టు పైన తేలుతుంది కాబట్టి, నీళ్లు తోడే తూము ఎంత లోతున ఉందన్నది చాలా ముఖ్యం. నిండు మట్టం 590 అడుగులు. మట్టం బాగా ఉన్నప్పుడు పైపొరకు చాలా కిందినుంచి నీళ్లు తీసుకోవచ్చు. మట్టం పడిపోతే ఆ వెసులుబాటు పోతుంది. మిగిలిన నీళ్లు వేడెక్కుతాయి, చిక్కబడతాయి. 2024 వేసవిలో సాగర్ అడుగంటినప్పుడు నగరం కోసం అత్యవసర పంపులు దించవలసి వచ్చింది. మట్టం ఎంత తగ్గినా నీళ్లు అందేలా సుంకిశాల దగ్గర కడుతున్న తోడుబావి రక్షణ గోడ అదే ఏడాది ఆగస్టు 2న కూలింది. ఈ పనులను నీళ్లు సరిపోతాయా లేదా అన్న కోణంలోనే మాట్లాడుకుంటాం. ఏ లోతు నుంచి, ఎలాంటి నీళ్లు అన్న ప్రశ్నకూ అంతే విలువ ఉంది.

నీళ్ల మీద అనుమానం వస్తే తెలుగు ఇంట్లో చేసే మొదటి పని పొయ్యి వెలిగించడం. కాచి చల్లార్చిన నీళ్లు అన్న మాట డాక్టరు చీటీ మీద, బడి గోడ మీద, అమ్మమ్మ నోట ఒకేలా వినిపిస్తుంది. కలరా, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే క్రిముల విషయంలో ఆ మాట ప్రాణాలు కాపాడింది, ఇప్పటికీ కాపాడుతోంది. సయానోబ్యాక్టీరియా విషం దగ్గరికి వచ్చేసరికి ఆ మాట పనిచేయదు.

2014 ఆగస్టు 2 తెల్లవారుజామున అమెరికాలోని ఒహాయో రాష్ట్రం టొలీడో నగరంలో అధికారులు ఒక హెచ్చరిక ఇచ్చారు. నల్లా నీళ్లు తాగొద్దు, కాచుకునీ తాగొద్దు. ఈరీ సరస్సు మీద పరుచుకున్న సయానోబ్యాక్టీరియా తెట్టు నుంచి మైక్రోసిస్టిన్ అనే కాలేయ విషం శుద్ధి కేంద్రం దాటి నల్లాల్లోకి వచ్చింది. సుమారు అయిదు లక్షల మంది మూడు రోజుల పాటు సీసా నీళ్ల మీద బతికారు. ఊళ్లోని దుకాణాల్లో నీళ్ల సీసాలు కొద్ది గంటల్లోనే అయిపోయాయి. మోమీ నది వెంట పొలాల నుంచి కొట్టుకొచ్చిన ఎరువుల భాస్వరమే ఆ తెట్టుకు మూలం. అంతకు ఏడేళ్ల ముందు, 2007లో, చైనాలోని తైహు సరస్సు ఒడ్డున వూషీ నగరంలో ఇరవై లక్షల మందికి ఇదే కష్టం వచ్చింది.

కాచితే ఎందుకు పోదు? మైక్రోసిస్టిన్ గుండ్రటి గొలుసులా అల్లుకున్న గట్టి అణువు. నీళ్లు మరిగే వేడికి అది విరగదు. పైగా కాచినప్పుడు నీరు ఆవిరై తగ్గుతుంది, విషం ఉన్నంతా ఉంటుంది. బిందెడు నీళ్లు ముప్పావు బిందె అయితే విషం అంత చిక్కబడుతుంది. నీటిలో బతికున్న కణాలుంటే, వేడికి అవి పగిలి లోపల దాచుకున్న విషాన్ని కూడా వదిలేస్తాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం జీవితాంతం తాగే నీటిలో ఈ విషం లీటరుకు ఒక మైక్రోగ్రాము మించకూడదు. డాబా మీది వెయ్యి లీటర్ల ట్యాంకులో ఒక్క మిల్లీగ్రాము అన్నమాట. 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్రను అయిదు వందల ముక్కలు చేస్తే వచ్చే ఒక్క ముక్కంత.

కణం పగలడం అన్న ఆ చిన్న విషయాన్ని ప్రపంచం ఒక దీవిలోని పిల్లల ద్వారా నేర్చుకుంది. 1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ఐలాండ్‌లో తాగునీటి జలాశయం నిండా సయానోబ్యాక్టీరియా పెరిగింది. నీళ్లకు రంగు, రుచి మారాయని జనం చెప్పారు. తెట్టును చంపడానికి మైలుతుత్తం చల్లారు. మన రైతులు బోర్డో మిశ్రమానికి వాడేది అదే. తెట్టు చచ్చింది. చచ్చిన కణాల్లోంచి విషమంతా ఒక్కసారిగా నీటిలోకి దిగింది. కొద్ది రోజుల్లో వాంతులు, కాలేయం వాపు, మూత్రంలో రక్తంతో 148 మంది జబ్బుపడ్డారు. వాళ్లలో 138 మంది పిల్లలు. అప్పట్లో ఆ జబ్బుకు పేరు కూడా దొరకలేదు, కారణం మైలుతుత్తం చల్లిన జలాశయమని తర్వాతే తేలింది.

అందుకే శుద్ధి కేంద్రంలో వరస ముఖ్యం. పటిక వేసి, మడ్డిని పేరబెట్టి, ఇసుక పొరల్లో వడగడితే పగలని కణాలు చాలావరకు విషంతో సహా బయటికి పోతాయి. ముందే క్లోరిన్ గుమ్మరిస్తే కణాలు పగులుతాయి, తర్వాత ఎంత వడగట్టినా కరిగిన విషం ఇసుకలో ఆగదు. అప్పుడు బొగ్గు పొడి, అంటే యాక్టివేటెడ్ కార్బన్, కలిపి దానికి అంటించి తీయాలి. వడకట్టాక ఇచ్చే క్లోరిన్, తగినంత మోతాదులో అరగంటకు పైగా కలిసి ఉంటే, మైక్రోసిస్టిన్‌ను విరగ్గొట్టగలదు. నరాల మీద పనిచేసే అనటాక్సిన్ మాత్రం క్లోరిన్‌కు సులభంగా లొంగదు. ఒకే మందు అన్నిటికీ పనికిరాదు కాబట్టే, తెట్టులో ఏ జాతి ఉందో ముందు సూక్ష్మదర్శినిలో చూడాలంటారు. చూసినా కథ అక్కడితో అయిపోదు. ఒకే జాతిలో విషం చేసేవీ, చేయనివీ కంటికి ఒక్కలాగే ఉంటాయి. విషం పరీక్ష విడిగా చేయవలసిందే.

ఎల్బీ నగర్ వాసులు మరింత శ్రద్ధగా వినవలసిన కథ బ్రెజిల్‌లోని కరువారు పట్టణానిది. 1996 ఫిబ్రవరి. వేసవి, నీటి కరువు. అక్కడి డయాలసిస్ క్లినిక్‌కు జలాశయం నీళ్లను ట్యాంకర్లలో తోలారు. పటిక వేసి తేర్చారు గానీ, పూర్తిగా శుద్ధి చేయలేదు. క్లినిక్‌లోని వడపోత ఆ విషాన్ని ఆపలేకపోయింది. డయాలసిస్‌లో రోగి రక్తం ఒక్క విడతకే వంద లీటర్లకు పైగా నీటిని పలచటి పొర అవతల తాకుతూ పారుతుంది. మామూలు మనిషి వారమంతా తాగే నీళ్లు అందులో ఏడో వంతు కూడా ఉండవు. తాగిన నీటికి కడుపూ పేగులూ అడ్డు. ఇక్కడ ఏ అడ్డూ లేదు. వంద మందికి కాలేయం దెబ్బతింది. కనీసం 52 మంది ఆ విషం వల్లే చనిపోయారని నిర్ధారించారు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా రోడ్డు పొడవునా ఆసుపత్రులున్నాయి, డయాలసిస్ గదులున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లు లేని వీధి ఉండదు. మన కేంద్రాల్లో ఆర్వో యంత్రాలున్నాయి, కరువారు తర్వాత ప్రపంచమంతా నియమాలు బిగించింది. అయినా ట్యాంకరు ఎక్కడ నింపుకొచ్చిందో అడగడం, ఆర్వో పొరను, ముందుండే బొగ్గు వడపోతను వేళకు మార్చారో లేదో అడగడం రోగి బంధువుల హక్కు. ఆ ప్రశ్న ఎవరినీ అవమానించదు.

కరువారు విషాదం జరిగిన మరుసటి నెలలోనే, 1996 మార్చి 8న, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 111 ఇచ్చింది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలనూ, పెద్ద కట్టడాలనూ నిషేధించింది. రెంటికీ సంబంధం లేదు, కాలం కలిసిందంతే. కానీ ఆ జీవోలో ఉన్న ఆలోచన ఈ సమస్యకు సూటి మందు. శుద్ధి కేంద్రంలో విషాన్ని తీయడం కంటే, పైన పరీవాహక ప్రాంతంలో భాస్వరాన్ని ఆపడం చౌక, సులువు. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలను సడలించారు. నగరం ఇప్పుడు ప్రధానంగా కృష్ణా, గోదావరి నీళ్ల మీద బతుకుతోంది కాబట్టి ఆ రెండు చెరువుల అవసరం తగ్గిందన్నది వాదన. హుస్సేన్ సాగర్, మీర్ ఆలం విషయంలో కూడా అవసరం తగ్గడమే మొదట జరిగింది. ఆ తర్వాత ఏం జరిగిందో ఒడ్డున నిలబడితే తెలుస్తుంది. నాగార్జునసాగర్ అడుగంటిన వేసవిలో నగరం మళ్లీ ఈ జంట జలాశయాల వైపే చూస్తుంది. వాటిని మురుగుకు వదిలేయడం తెలిసి చేసే నష్టం.

ఇక ఇంటి సంగతి. నల్లా నీళ్లలో తొలకరి మట్టి వాసన వస్తే కంగారు అక్కర్లేదు, నిర్లక్ష్యమూ కూడదు. ఆ వాసనకు కారణమైన జియోస్మిన్ లీటరులో పది నానోగ్రాములున్నా మన ముక్కు పసిగడుతుంది. దాని వల్ల హాని లేదు. కానీ దాన్ని తయారుచేసేవాటిలో సయానోబ్యాక్టీరియా కూడా ఉంది. కాబట్టి వాసన వచ్చిందని వాటర్ బోర్డుకు ఫోన్ చేయడం మంచి పని. వాసన లేనంత మాత్రాన విషం లేదనీ చెప్పలేం. కుండకు అమర్చే క్యాండిల్ వడపోత, యూవీ దీపం కరిగిన విషాన్ని తీయలేవు. సరిగా చూసుకునే ఆర్వో, కొత్త బొగ్గు వడపోత చాలావరకు తీస్తాయి. డాబా మీది ట్యాంకుకూ సంపుకూ మూత బిగించి ఉంటే, వెలుతురు లేక ఈ జీవులు పెరగవు. మూత పగిలిన ట్యాంకు గోడల మీద పట్టే పాకురును వానాకాలం దాకా ఆగకుండా కడిగేయాలి.

పచ్చగా తెట్టు కట్టిన చెరువులో పిల్లలను దిగనివ్వకూడదు. కుక్కలనూ బర్రెలనూ తాగనివ్వకూడదు. 2020లో బోట్స్‌వానాలో మూడు వందలకు పైగా ఏనుగులు చనిపోవడానికి నీటి గుంటల్లోని సయానోబ్యాక్టీరియా విషాలే కారణమని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. అలాంటి చెరువులో పట్టిన చేపను వండుకుంటే పేగులు, కాలేయం పూర్తిగా తీసేయాలి, విషం ఎక్కువగా చేరేది అక్కడే.

చెరువులో ఉన్నది మామూలు నాచా, ఇదా అని తెలుసుకోవడానికి ఒక చిన్న పద్ధతి ఉంది. చేతికి తొడుగు వేసుకుని గాజు సీసాలో ముప్పావు వంతు నీళ్లు నింపి, కదపకుండా ఒక రాత్రి ఉంచాలి. మామూలు నాచు అడుక్కి దిగుతుంది. సయానోబ్యాక్టీరియా నీటి పైన ఆకుపచ్చ వలయంలా తేలుతుంది. పుల్లతో కదిపితే జుట్టులా వేలాడేది పీచు నాచు. పెయింటులా పుల్లకు అంటుకునేది అనుమానించవలసింది. ఇది పరీక్ష కాదు, సూచన మాత్రమే. బడి పిల్లలకు సైన్సు మాస్టారు చేసి చూపించదగ్గది.

భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500, 2012 నాటి రూపంలో, తాగే నీటిలో నాచు గానీ విషం తయారుచేసే సూక్ష్మజీవులు గానీ ఉండకూడదని చెబుతుంది. మాట ఉంది. ఆ మాట ఇంటి దాకా రావాలంటే అక్కంపల్లిలో, సాగర్ తోడుబావి దగ్గర వారానికొకసారి నీళ్లు తీసి, కణాలు లెక్కపెట్టి, ఆ అంకె నగరానికి చెప్పాలి. టొలీడో 2014 తర్వాత చేసిన పని అదే. సరస్సులో, నల్లా నీటిలో ఇవాళ విషం ఏ స్థాయిలో ఉందో ఆ నగరం తన పౌరుల ముందు రంగుల సూచికగా పెడుతుంది. కొత్తపేటలోనో నాగోల్‌లోనో పొద్దున ఆరింటికి నల్లా కింద బిందె పెట్టే మనిషికి, సాగర్ నీటిమట్టం ఎన్ని అడుగులో పేపర్లో కనిపిస్తుంది. దాని పక్కనే ఇంకొక్క అంకె వేయడానికి అంగుళం చోటు చాలు.